యాకయ్య గారి కనిపించని వ్యాఖ్యలు

పదవీ విరమణకు ముందటి సంవత్సరం, వానాకాలం మొదట్లో నన్ను సీనియర్ ప్రోగ్రామర్‌గా మా సాఫ్ట్‌వేర్ సంస్థ జనగామ శాఖకు పంపారు. మూడు జిల్లాల రైతులు వాడే ఒక వెబ్‌సైటును కొత్తగా కట్టాలి. కోత యంత్రాల కిరాయి, పత్తి ధర, తప్పిపోయిన పశువుల కబురు, అన్నీ అందులోనే. మరిపెడలో లెక్కల టీచరుగా చేసిన సరోజనక్క దాన్ని ఎప్పుడో ఒక్కతే రాసింది. కోడ్ మొత్తం ఒకే ఫైలు. ఆమెకు తప్ప ఎవరికీ తలాతోకా తెలియదు. పాత కోడ్‌ను మార్చడానికి సర్వరు వాళ్లు నెలాఖరు వరకే గడువిచ్చారు. దాటితే సైటు మూతే.

సైటును నడిపే రైతుల కమిటీ అధ్యక్షుడు యాకయ్య గారు పత్తి వ్యాపారి. ఓపెన్ సోర్సులో, అంటే ఎవరైనా చదివి దిద్దుకునేలా రాస్తానంటే మురిసిపోయారు. "మన సైట్ల దాపరికం ఉండొద్దు మేడం. అంత బజార్ల పెట్టుండ్రి" అన్నారు.

మూడో రోజు పాత కోడ్‌లో ఒక వరుస దొరికింది. దాని ప్రకారం ఒక సభ్యుడి వ్యాఖ్యలు ఆయనకు తప్ప ఎవరికీ కనబడకూడదు. ఆ సభ్యుడు యాకయ్య గారే.

సరోజనక్కకు ఫోన్ చేశాను. నవ్వింది. "ఏం జెయ్యాలె చెల్లె? ఎవలేం రాసినా కింద పంచాయితి పెడుతుండె. సగం మంది సైటు ఇడిచిపెట్టి పోయిండ్రు. ఆరేండ్ల కింద గా ఒక్క వరుస రాసిన. ఆయనా ఖుషీ, మేమూ ఖుషీ."

తీయొద్దని బతిమాలింది. కానీ అందరూ చదివే కోడ్‌లో పేరు పెట్టి ఒకరి నోరు ఎలా కట్టను? పైగా పాత సమాచారాన్ని తరలించేటప్పుడు ఒక్క అక్షరమూ పారేయకూడదన్నది మా వృత్తి నియమం. ఆ వరుస తీసేశాను. అధ్యక్షుడికి ముందుగా చెప్పాల్సింది. చెప్పలేదు. ఏమవుతుందో చూడాలన్న కొంటెతనం కొంత ఉందని ఒప్పుకుంటాను.

కొత్త సైటు తెరిచిన రోజే ఆయన ఆరేళ్ల వ్యాఖ్యలన్నీ బయటపడ్డాయి. మధ్యాహ్నానికి నర్మెట్ట నుంచి లక్ష్మవ్వ అనే రైతు ఆఫీసుకొచ్చింది. నాలుగేళ్ల కిందట తన బర్రె తప్పిపోయిందని సైటులో పెట్టిందట. దాని కింద యాకయ్య గారి జవాబు: "మా పొలం కాడ కట్టేసిన. అచ్చి తీస్కపోండ్రి."

"ఇన్నేండ్లు గీ ముచ్చట ఏడ దాచిండ్రు బిడ్డా?" అని నిలదీసింది.

యాకయ్య గారిని, సరోజనక్కను పిలిపించాను. ఎవరూ రాలేదని బర్రెను ఆయనే సాకారట. రెండుసార్లు ఈనింది కూడా. సరోజనక్క దాచలేదు. "నేనే రాసిన అన్నా" అని పాత కోడ్ తెరిచి ఆ వరుస చూపించింది.

ఆయన తెర మీది తన పేరుపై వేలు పెట్టారు. "అంటే ఆరేండ్ల సంది నేనొక్కన్నే మాట్లాడుకుంటున్ననా? ఎవ్వలు ఎదురు చెప్తలేరంటే, నా మాటకు గంత ఇజ్జత్ ఉన్నదనుకున్న."

ముందు లక్ష్మవ్వ నవ్వింది. ఆ తర్వాత ఆయన కూడా ఆపుకోలేకపోయారు. బర్రె, ఒక దూడ నర్మెట్టకు వెళ్లాయి. సాకినందుకు రెండో దూడను ఆయనకే వదిలేసింది లక్ష్మవ్వ. ఒక ప్రకటన కింద ఎవరైనా రోజుకు మూడు వ్యాఖ్యలే రాయాలని సరోజనక్క కొత్త నియమం చేర్చింది. మొదటి వారంలోనే ఆమే నాలుగో వ్యాఖ్య రాయబోతే సైటు ఆపేసింది.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా చేసిన ప్రతి పనిలో రెండు పాటించాను. పాత సమాచారాన్ని తరలించే ముందు చదవాలి. నియమమంటూ పెడితే దాన్ని అందరికీ కనబడేచోట, రాసినవారికీ వర్తించేలా పెట్టాలి.