సంధ్యవేళ దాటేసిన పేజీ

మొన్న నర్సరీ నుంచి తీసుకొస్తుంటే దారిలో మా పాప అడిగింది, "మమ్మీ, వాట్ డజ్ పాస్డ్ అవే మీన్?" అని. వాళ్ళ క్లాసులో పెంచుకునే గినీపిగ్ ఆదివారం చచ్చిపోయిందట. టీచర్ పిల్లలందరినీ కార్పెట్ మీద కూర్చోబెట్టి ఆ మాట చెప్పిందట. డిసెంబరు కదా, నాలుగు కాకుండానే బస్‌స్టాపు దగ్గర దీపాలు వెలిగాయి. అలవాటు కొద్దీ "ఇంటికెళ్ళాక చెప్తాలే" అనబోయి ఆగిపోయాను. ఇదే మాటను ఇదే వేళప్పుడు ఒకసారి దాటేశాను నేను. పాప నిద్రపోయింది కనుక ఆ సంగతి రాయడానికి కూర్చున్నాను.

పాపకు ఎనిమిది నెలలప్పుడు మేము ఇంగ్లండులోనే కోవెంట్రీలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మావారు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోతే ఇక రోజంతా నేనూ, పాపా, నా భయాలూ. పాప ఎక్కువసేపు పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. పడుకోకపోతే ఎందుకు పడుకోలేదని జీపీ సర్జరీకి, అంటే మా డాక్టరు క్లినిక్‌కి, ఫోన్ చేసేదాన్ని. అక్కడ రిసెప్షన్‌లో ఆవిడకు నా గొంతు బాగా పరిచయం. బందరులో ఎమ్మే ఇంగ్లీషు చదివి వచ్చిన నాకు ఆ చదువుతో అక్కడ పడిన పని అదొక్కటే. కింది ఫ్లాట్‌లోకి స్లొవాకియా ఆవిడ వచ్చాక రెండో పని దొరికింది.

ఆవిడకు నలభై దాటి ఉంటాయి. వాళ్ళ ఊళ్ళో లైబ్రరీలో పనిచేసేదట, ఇక్కడ ముసలివాళ్ళ కేర్‌హోమ్‌లో చేరింది. పుస్తకంలో ఉండే ఇంగ్లీషు ఆవిడకు బాగానే వచ్చు. తోటివాళ్ళు మాట్లాడే ఇంగ్లీషే అంతుపట్టేది కాదు. టర్న్ ఓవర్, టాప్ అప్, సెటిల్ డౌన్, అన్నీ ఇలా జంట మాటలే. విడివిడిగా రెండూ తెలిసినవే, కలిస్తే ఏమిటో తెలియదు. వెనకాల వస్తున్న స్లొవాక్ అమ్మాయిల కోసం వాటన్నిటినీ వాళ్ళ భాషలో రాసిపెట్టమని మేనేజరు ఆవిడకే పురమాయించింది. షిఫ్టు దిగి మూడున్నరకు మా తలుపు తట్టేది, గళ్ళ నోటుపుస్తకంతో. ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు స్లొవాక్. లైబ్రరీ మనిషి కదా, మార్జిను కూడా స్కేలుతో గీసేది.

ఆవిడకొక నియమం ఉండేది. డిక్షనరీలో చూసి రాయదు, కళ్ళతో చూస్తేనే రాస్తుంది. అందుకని నేను పాపను పెట్టుకుని నాటకం ఆడేదాన్ని. పికప్ అంటే పాపను ఎత్తుకోవడం, టక్ ఇన్ అంటే దుప్పటి అంచులు పరుపు కిందికి దోపడం. థ్రో అప్‌కి మాత్రం నేను కష్టపడక్కర్లేకపోయింది, పాపే ఆవిడ యూనిఫాం మీద చేసి చూపించింది. ఓర్చుకోవడమనే పుట్ అప్ విత్ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. చివరికి మా అమ్మ మా నాన్నతో ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న కాపురం గురించి చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని కుడివైపు టకటకా రాసేసింది. క్రియకు చిన్న ముక్క తగిలిస్తే అర్థం మారిపోవడం వాళ్ళ భాషలోనూ ఉందట, కాకపోతే ఆ ముక్క ముందు వస్తుందట. మనకు పడేయడం, చూసుకోవడం లాగా వెనక వస్తుందని నేను చెప్పేదాన్ని. మావారు ఇంటికొచ్చి షూ విప్పుతూ "మేడమ్‌గారి ట్యూషన్ అయిందా, టీ దొరుకుతుందా?" అనేవారు.

కేర్‌హోమ్‌లో కారిడార్ చివరి గదిలో ఒక పెద్దావిడ ఉండేదట. ఒకప్పుడు స్కూలు టీచరు. నా అన్నవాళ్ళెవరూ లేరు. అన్నం తినిపిస్తున్నా సరే మా స్లొవాక్ ఆవిడ ఇంగ్లీషును దిద్దేదట. ఒకరోజు మాత్రం తప్పులు దిద్దడం ఆపి, చివరి వేళకు ఒంటరిగా ఉండాలంటే భయమని చెప్పిందట. తను పక్కన ఉంటానని ఈవిడ మాటిచ్చింది. ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పింది.

జనవరిలో మేనేజరు ఇచ్చిన జాబితా ఒకటి పట్టుకొచ్చింది. మొదటి పేజీ సరదాగా అయిపోయింది. రెండో పేజీ తిప్పితే అన్నీ చావు మాటలే. పాస్ అవే, స్లిప్ అవే, ఇంకా అలాంటివి. కిటికీ బయట అప్పటికే మసక చీకటి. పాప నా ఒళ్ళో ఉంది. సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, ఏ మాట అంటే దానికి తథాస్తు అంటారనీ మా అమ్మ చిన్నప్పటి నుంచీ నా నోరు మూయించేది. ఈ దేశపు చలికాలంలో మధ్యాహ్నం టీ తాగితే సంధ్యే కదా, ఆ దేవతలకు సెలవన్నది ఉండదు. వాటిని పైకి చదవకుండా దాటేశాను. "ఇవి నర్సులకు సంబంధించినవి, మీకక్కర్లేదు" అన్నాను. ఎమ్మే చదివినదాన్ని కదా, నమ్మింది. ఎందుకైనా మంచిదని నోటుపుస్తకంలో ఒక పేజీ ఖాళీగా వదిలింది.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం వచ్చి, కూర్చోకుండానే ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టింది. ముందురోజు షిఫ్టు దిగుతుంటే పెద్ద నర్సు ఈవిడతో, చివరి గది ఆవిడ స్లిప్ అవే అవుతోందని చెప్పిందట. ప్రతిదానికీ అర్థం అడగడానికి మొహం చెల్లక ఈవిడ తలూపి వచ్చేసింది. బస్సులో కూర్చుని నోటుపుస్తకం అంతా వెతికింది. అందులో లేదు కనుక అంత ముఖ్యమైన మాట కాదనుకుంది. తెల్లారి వెళ్ళేసరికి మంచం మీద దుప్పట్లు కూడా తీసేశారు.

నేను నిజం చెప్పేశాను. తథాస్తు దేవతలను ఇంగ్లీషులో చెప్పడం అంత సులువు కాదు, చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆవిడ నవ్వలేదు. పాప బుగ్గ మీది దిష్టిచుక్క వైపు చూస్తూ వింది. వాళ్ళ అమ్మమ్మ కూడా పసిపిల్లల చేతికి ఎర్రదారం కట్టేదట, దిష్టి తగలకుండా.

"నీ భయం నాకు అర్థమైంది," అంది. "కానీ ఆవిడ ఒక్కతే ఉండిపోయింది."

పెన్ను మూత తీసి, పాప ఒళ్ళో ఉండగానే, ఒక్కొక్క మాటా ఎడమవైపు రాస్తూ పైకి చదివాను. వీటికి ఆడి చూపించడానికి నాకేమీ తోచలేదు. అప్పుడు ఆవిడే కుర్చీ దగ్గరగా లాక్కుని, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, పక్కనే కూర్చుంది. తర్వాత కుడివైపు ఒకే ఒక్క మాట రాసింది. ఏమిటని అడిగితే, వెళ్ళిపోవడం అంది. మేమూ అలాగే అంటాం అన్నాను.

ఆ పేజీ జిరాక్సు తీయించి కొత్తగా వచ్చే ప్రతి అమ్మాయికీ ముందు అదే ఇచ్చేది. మరుసటేడు ఆవిడ తన దేశానికి వెళ్ళిపోయింది. మేము లీసెస్టర్ వచ్చేశాం. ఆవిడ వెళ్ళేరోజు పాపను ఎత్తుకుని వాళ్ళ భాషలో బంగారం అని పిలిచింది. ఆ పేజీ దాటేసినందుకు నన్ను ఒక్కమాటా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మొన్న బస్‌స్టాపులోనే పాపకు చెప్పేశాను, గినీపిగ్ చచ్చిపోయిందని, ఇక తిరిగి రాదని. పాప "బట్ ఇట్ వజ్ సండే, మమ్మీ. నోబడీ వజ్ దేర్" అంది. నేను గ్లవ్ తీసి, దాని గ్లవ్ కూడా తీసి, చెయ్యి పట్టుకున్నాను. బస్సు వచ్చేదాకా అలాగే నిలబడ్డాం. ఈ దేశంలో చలికాలపు పొద్దు చాలా చిన్నది. మంచి వేళ చూసి చెబుదామని దాచుకున్న మాటలకు ఆ కాస్త వెలుతురు ఎప్పుడూ సరిపోదు.