నీలం చూడని కన్ను

మా పెద్ద మామయ్యను ఇంట్లో అందరం భూతద్దం అనేవాళ్లం. అన్నంలో రాయి తగిలినా దీపం కింద తిప్పి చూశాకే పారేస్తాడని అత్తయ్య ఎగతాళి.

పాత నాణేలకు గ్రేడు ఇచ్చే కంపెనీలో ఆయన ఉద్యోగం. వెండి నాణెం ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే దానంతట అదే రంగు తిరుగుతుంది. అంచున నీలం, దాని లోపల ఎరుపు, మధ్యకొచ్చేసరికి లేత పసుపు. దొంగరంగు పూసేవాళ్లకు అంత ఓపికెక్కడిది, ఆ వరుస తప్పుతారు. రంగు సహజమా, పూసిందా అన్నదాంట్లో చివరి మాట మామయ్యది. కుండబద్దలు కొట్టినట్టు చెప్పేవాడు. నాకు ఆ గీర నచ్చేది కాదు.

ఒకసారి ఓ టీచరమ్మ, చనిపోయిన తన తండ్రి దాచుకున్న నాణేన్ని పంపింది. పూసిన రంగని మామయ్య తిప్పి పంపాడు. ఆవిడ ఆఫీసుకే వచ్చింది.

"మా నాన్న దాన్ని పెట్టెలోంచి ఎప్పుడూ తియ్యలేదండీ. దానంతట అదే రంగు మారిందని చెప్పేవారు. అంటే నాకు అబద్ధం చెప్పారా?"

"నాకు నాణెం తెలుసమ్మా, మీ నాన్నగారు తెలియదు" అన్నాడట మామయ్య. ఇంటికొచ్చి ఆ మాట గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

మరుసటి ఏడాది ఆయన కళ్లలో శుక్లాలు ముదిరాయని తేలింది. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పించుకుని ఇంటికొచ్చి, వంటింటి గోడ చూసి ఆగిపోయాడు.

"ఈ రంగెప్పుడు వేయించారు?"

"ఎప్పుడూ ఇదే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపించిందట!" అని అత్తయ్య నవ్వింది.

ఆయన నవ్వలేదు. ఒక కన్ను మూసి చూశాడు, మరో కన్ను మూసి చూశాడు. కొత్త కంటికి గోడ నీలం, పాత కంటికి మాసిన బూడిద.

"ఆ టీచరమ్మ నాణెం అంచు నాకు మసి పూసినట్టు కనబడిందే..." అన్నాడు.

నన్ను తోడు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్లాడు.

"నా కన్ను బాగాలేనప్పుడు చూశానమ్మా. ఇంకోసారి చూపిస్తారా?"

ఆవిడ బీరువాలోంచి తీసి చేతిలో పెట్టింది. నాణెం తెల్లగా తళతళలాడుతోంది.

"పూసిన రంగన్నారు కదండీ. నాన్న మీద ఆ మచ్చ ఎందుకని పళ్లపొడితో తోమేశాను."

మామయ్య నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తోమిన రంగును ఎవరూ తిరిగి తేలేరు. అది నిజమో కాదో చెప్పడానికి నాణెం మీద ఇక ఏమీ మిగల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. ఆయనే అడిగాడు.

"అది ఉండే పెట్టె ఉందా అమ్మా?"

ఉంది. ఎప్పుడూ కిటికీ పక్క బల్ల మీదే ఉండేదట. పైన అద్దం మూత, లోపల నీలం మఖమల్ గుడ్డ. గుడ్డంతా ఎండకు వెలిసిపోయింది. మధ్యలో మాత్రం నాణెమంత గుండ్రాన కొన్ననాటి నీలం అలాగే ఉంది. మామయ్య పాత కంటిని చేత్తో మూసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఇక్కణ్నుంచి కదల్లేదమ్మా. మీ నాన్నగారు నిజమే చెప్పారు."

ఎంత గీర మనిషైనా, నాకు జాలేసింది.

టీచరమ్మ నాణేన్ని ఆ గుండ్రంలో పెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"అప్పుడే ఈ పెట్టె అడిగుంటే బాగుండేదండీ" అంది, మూత వేస్తూ.