రామసుబ్బమ్మ చెలమ

వంకలో ఇసుక తవ్వి చెలమ తీసినవాళ్లు, నీళ్లు తోడుకున్నాక దాన్ని మళ్లీ ఇసుకతో కప్పి పోవాల. పశువులు తొక్కి పాడు చేయకుండా. తొలి కడవ మటుకు గట్టుమీది రాతితొట్టిలో పొయ్యాల, ఆ మూగజీవాల కోసమే. రామసుబ్బమ్మ కాపురానికొచ్చినప్పుడు అత్త నేర్పిన మొదటి పని ఇదే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, దేవేంద్రప్ప వంకగట్టున నాపరాళ్ల గని తెరిచినాడు. పనికిరాని రాళ్లూ సున్నంలాంటి మట్టీ వంకలోకి తోయించినాడు. చెలమలన్నీ పూడి, చివరికి ఒక్కటే మిగిలింది. ఊరి మగవాళ్లకు ఆయన దగ్గరే కూలి. నోరెత్తలేదు. రామసుబ్బమ్మ రాజంపేటకు పోయి సబ్ కలెక్టరు కోర్టులో అర్జీ పెట్టింది.

దేవేంద్రప్ప ఇంటికే వచ్చినాడు. "ఏమమ్మా, కోర్టుకెక్కినావంట! నీ పెరట్లో బావి తవ్విస్తా. అర్జీ వాపసు తీసుకో."

"నా పెరట్లో నీళ్లుంటే ఊరికంతా దప్పిక తీరుతాదా? కూర్చో అప్పా, ఎండన పడి వచ్చినావు." చెంబు అందించింది. "తాగు. నువ్వు పూడుస్తాండే వంక నీళ్లే."

ఆయన చెంబు ముట్టకుండా పోయినాడు.

సబ్ కలెక్టరు వంకను చూడవచ్చే పొద్దున, పక్కింటి మదార్ బీ ఆడవాళ్లను పోగేసి చెలమను పూడ్చి, ఇసుక చదునుచేయించింది. ఎవరో ముగ్గు కూడా వేసినారు!

దేవేంద్రప్ప వకీలు నవ్వినాడు. "చూడండి సార్, ఊరంతా తాగే చెలమంట! ముగ్గు తప్ప చుక్క లేదు."

మదార్ బీ తల బాదుకుంది. "సారు కాలు గుంతలో పడుతాదేమోనని చేసినానక్కా!"

"మంచికే చేసినావులేమ్మా. రా, ఇద్దరం తవ్వుదాం." ఒంటిమిట్ట రామయ్యను తలుచుకుని రామసుబ్బమ్మ ముగ్గుమీదే మోకాళ్లూనింది. మోచేతి లోతున నీళ్లూరినాయి, తెల్లగా, సున్నం కలిపిన నీళ్లలాగా.

సబ్ కలెక్టరు దోసిలి పట్టబోయినాడు. ఆమె అడ్డంపడింది. "వద్దు సామీ! మీకు జబ్బు చేస్తే మీ అమ్మకు ఏం జవాబు చెప్పాల? మేమంటే గుడ్డలో వడగట్టి తాగుతాండాం."

"వడగడితే సరిపాయె కదా?" అన్నాడు వకీలు.

"అయితే నువ్వు తాగప్పా."

ఆయన చేతులు వెనక్కిపోయినాయి.

వంకలో ఇక రాయి వేయరాదనీ, వేసింది తీసేయాలనీ ఉత్తర్వు వచ్చింది. దేవేంద్రప్ప గట్టుమీద నిలబడి అరిచినాడు. "పై కోర్టుకు పోతా!"

"పో అప్పా, ఆడికీ వస్తా. సద్ది కట్టుకొస్తాలే, నీకూ ఒక ముద్ద పెడతా!"

ఆమె తొలి కడవ ఎత్తి తొట్టిలో పోసింది.