ఏకపాత్రలో ఇద్దరు బాపులు

తొంభైల చివర్లో, పటాన్‌చెరులో పదో తరగతి చదివేటప్పుడు, బడి వార్షికోత్సవంలో ఏకపాత్రాభినయం పోటీకి మా ఇంటి కథే రాసుకున్నాను. మా బాపు ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్‌కు బొగ్గు వేసేవాడు. ఆ పొగతో భూమి వేడెక్కుతోందని తెలిసి ఆయన వెక్కి వెక్కి ఏడవడమే నా నాటకం. మొదటి బహుమతి నాదేనని క్లాసంతా ముందే చెప్పేశాను.

పోటీ రోజు నేను బాపు ఖాకీ చొక్కా తొడుక్కుని, మసితో మీసం దిద్దుకుని, వేదిక మీద పారతో రెండుసార్లు బొగ్గు ఎత్తానో లేదో, ముందు వరుసలోంచి బాపు లేచాడు.

"నడుం పడిపోతది బిడ్డా! గట్లనా ఎత్తేది?"

వేదికెక్కి పార లాక్కున్నాడు. ఒకటే ఈలలు. పరువు దక్కించుకుందామని నా డైలాగునే ప్రశ్నగా మార్చాను.

"బాపూ, నీ పొగకు భూమి ఉడుకుతున్నది. ఎరుకేనా?"

"ఎందుకెరుక లేదు? భూమికన్న ముందుగాల ఉడికింది నేనే గద!"

చప్పట్లకు రేకుల షెడ్డు అదిరిపోయింది. నేనూ పగలబడి నవ్వాను. మీసం కాస్తా చెంపలకు పాకింది.

వేదిక మీద ఇద్దరున్నారు కాబట్టి ఇది ఏకపాత్ర కాదని సార్లు నన్ను పోటీలోంచి తీసేశారు. బాపుకు మాత్రం ప్రత్యేక బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు! హెడ్మాస్టరుకు మూడు ఫిర్యాదులు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. బాపు ఆ డబ్బాతో డ్యూటీకి బయల్దేరిన ప్రతిరోజూ నాకు ఒళ్లు మండేది.

పొగ గురించి నేను రాసింది ఇప్పటికీ నిజమే. ఆ పొగలో నిలబడ్డ మనిషిని ఒక్క మాటైనా అడగకుండా నాటకంలో ఏడిపించబోయాను. ఆ తప్పు ఒప్పుకుంటాను. బహుమతి మాత్రం నాదే.