పదకొండు అడుగులు

మా ఎదురింటి చెల్లెలు పోయి ఈ రోజుకు ఇరవై మూడు రోజులు. తాళం తీసి ఆమెను చూసింది నేనే. అంతకు రెండు నిమిషాల ముందు ఆమె బాగానే ఉందని చెప్పిందీ నేనే.

మద్రాసులోని చూలైలో మాది పాత మేడ, రెండో అంతస్తు. ఆమె గడపకూ నా గడపకూ నడుమ పదకొండు అడుగులు. నాతో మనవరాలు ఉంటుంది. ఎదురింట్లో ఆమె ఒంటరిది. అయినా నన్ను కనిపెట్టుకుని ఉండేది ఆమే. రోజూ ఆరింటికి గడప ముందు ముగ్గేసి, ఆ ముగ్గుడబ్బాతోనే వచ్చి మా గ్రిల్ గేటు మీద మూడుసార్లు తట్టేది.

"అక్కా, లేచినావా?"

"లేచి గంటయింది. నిద్రపోయేవాళ్ళను లేపుకో, పో."

"లేపేదానికి కాదులే. ఉండావా లేదా అని చూసేదానికి."

నవ్వుకుంటూ పోయేది. గేటు మీద పిండి మరక పడుతుందనీ, పూజలో ధ్యాస చెదురుతుందనీ నేను విసుక్కునేదాన్ని. రెండేళ్ళ కిందట నా మనవరాలు ఆమెకు ఫోన్లో బొమ్మలు పంపడం నేర్పింది. అదే అదనుగా చెప్పాను, "ఇంక తట్టొద్దు. లేచినట్టు ఒక పువ్వు పంపు, చాలు."

ఆమె ఫోన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "సరేలే అక్కా. తట్టాలంటే లేచి నడిచి రావాల. పువ్వుకైతే పడుకోనుండీ వేలు ఆడిస్తే చాలు."

వేళాకోళమనుకున్నాను.

అప్పట్నుంచి రోజూ పువ్వు వచ్చేది. నేనొక దండం బొమ్మ పంపేదాన్ని. ఒకరినొకరు చూసుకోకుండా వారాలు గడిచిపోయేవి. ఒకసారి మెట్ల మీద ఎదురై, "పువ్వుకు జవాబు పెడతావు, నేనెట్లుండానో అడగవే" అంది. చేతిలో కూరల సంచి బరువుగా ఉందని, తర్వాత మాట్లాడతానన్నాను.

ఆ రోజు ఆరు దాటి అయిదు నిమిషాలకు ఎర్ర గులాబీ వచ్చింది. దండం పంపాను. తొమ్మిదిన్నరకు నెల్లూరు నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అమ్మ ఫోన్ తీయడం లేదు. కొంచెం చూస్తారా?"

"పొద్దున్నే పువ్వు పంపింది. బాగానే ఉందమ్మా."

అయినా ఆ పిల్ల తృప్తి కోసం తలుపు తీశాను. ఎదురు గడప ముందు ముగ్గు లేదు. నిన్నటిదే, తొక్కుడు పడి చెదిరి ఉంది. ఆమె నా దగ్గర ఉంచిన తాళంచెవితో ఆ తలుపు తీశాను. మంచం మీదే ఉంది, ఫోన్ అరచేతి కింద.

పోయి ఎంతోసేపు కాలేదన్నాడు డాక్టరు. అంటే పువ్వు పంపాక కూడా చాలాసేపు ఉంది. లేవలేకపోయింది. ఆ పువ్వు లేచానని చెప్పడానికా, నన్ను రమ్మనడానికా? ఆమె చేతిలో ఉన్నది అదొక్కటే. నేను దండం బొమ్మ పెట్టి ఫోన్ పక్కన పడేశాను.

నిన్న పక్క గదిలోంచి మనవరాలు మెసేజ్ పెట్టింది, "అవ్వా, కాఫీ." నేను జవాబివ్వలేదు. ఎంతసేపటికి లేచి వస్తుందో చూద్దామని గడియారం ముందు కూర్చున్నాను. నలభై నిమిషాలకు వచ్చింది.

"మెసేజ్ చూసినావు కదవ్వా?"

"చూశాను. నువ్వు నన్ను చూడు, రోజూ ఒకసారి వచ్చి."

సరేనంది, ఫోన్ వంక చూస్తూనే.

ఆరింటికి ఇప్పటికీ గేటు దగ్గర నిలబడతాను. ఎదుటి తలుపుకు తాళం. నేను కోరుకున్నట్టే, మా గేటు మీద ఒక్క పిండి మరకైనా లేదు.