గంగిరెడ్డి గొంతు

ప్రొద్దుటూరులో బట్టలంగడి నడిపే చెన్నకేశవులు గుండెనొప్పి వచ్చినాక సిగరెట్లు మానాలనుకున్నాడు. కూతురు రూప అతణ్ణి పొగ మానేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేర్చింది. మనసు లాగినప్పుడల్లా గ్రూపులో చెప్పేవాడు. వెంటనే పులివెందుల నుంచి ఆ గ్రూపులోనే ఉన్న గంగిరెడ్డి అనే రైతు ఫోన్ చేసేవాడు.

"యాడుండావప్పా? అంగడి దిగి బయటికి పోవాకు. ఆ యావ తగ్గేదాకా నాతో మాట్లాడు," అని తన చీనీ తోటలోని బత్తాయిల కబుర్లు చెప్పేవాడు. నడుమ దగ్గొస్తే కాసేపాగి మళ్లీ అందుకునేవాడు. అట్లా చెన్నకేశవులు సిగరెట్ మానేశాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

ఒకరోజు గంగిరెడ్డి చనిపోయాడని గ్రూపులో తెలిసింది. చెన్నకేశవులు పులివెందుల పోయాడు.

"గ్రూపులో చేరేటప్పటికే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ముదిరిపోయిందన్నా," అంది గంగిరెడ్డి భార్య పెంచలమ్మ. "ఆయాసమొస్తాంది, మాట్లాడొద్దంటే ఇనేటోడు కాదు. నాకెట్లాగూ ఆలస్యమైపాయె, ఆయప్పకింకా కాలేదు అంటాండె."

చెన్నకేశవులుకు తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో సిగరెట్ తాగాలని శానా అనిపించింది. గ్రూపులో ఆ మాటే రాశాడు. శానామంది ధైర్యం చెప్పారు. అన్నీ చదువుకున్నాడు. సిగరెట్ ముట్టుకోలేదు గానీ, ప్రొద్దుటూరు వచ్చేదాకా బస్సులో ఏడుస్తానే ఉన్నాడు.