కంటోన్మెంట్ హాల్లో వెనక వరస

పొద్దున ఆరూ నలభైకి హచ్చొళ్ళి దగ్గర, ఆంధ్రా నుంచి వలసొచ్చిన రైతుల ఊరైన మా క్యాంపులో బస్సెక్కాం, నేనూ హనుమక్కా. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్టు డబ్బులుండవు. ఆ మేలుకు మనసులోనే దండం పెట్టుకున్నాను. హనుమక్క ఇరవయ్యేళ్ళుగా మా పొలంలో నాట్లు వేసే మనిషి. ఆ రోజు మాత్రం ఇద్దరిదీ ఒకటే పని. బళ్ళారి కంటోన్మెంట్‌లో ఒక అంతర్జాతీయ వరి పరిశోధన మండలి సమావేశం. చౌడు నేలలో పండే ఎర్ర వడ్లు మా ఇద్దరి దగ్గరా ఉన్నాయని తెలిసి పిలిచారు. మా వైపు నుంచి ఒక్కరి విత్తనమే మన దేశం వాటాగా వెళ్తుంది. అది మా అత్తగారిదే కావాలని వారం రోజులు ఒంటిపూట ఉన్నాను.

ఎనిమిదికల్లా సిరుగుప్పలో దిగి ఇడ్లీ తిన్నాం. బళ్ళారి బస్సులో పక్క సీటు పెద్దాయన హనుమక్క ఒళ్ళో ఉన్న సొరబుర్రలో ఏముందని అడిగాడు.

"వడ్లప్పా. ఫారిన్ పోతాండాయి."

ఇంకా ఎవరూ తేల్చనే లేదు. నాకు ఒళ్ళు మండింది. నా ఒళ్ళో ఇత్తడి చెంబు. అందులోవి దేవుడి గదిలో ఉంచి, ఏటా పసుపు రాసి పూజించిన గింజలు.

పదిన్నరకు హాలు చేరాం. బల్ల చుట్టూ దేశాల పేర్ల పలకలు. బడికి పోకపోయినా నాన్న ఇంట్లో నేర్పిన ఇంగ్లీషు అక్షరాలతో ఇండియాను వెతికి పట్టుకున్నాను. కర్నూలు వైపు శాస్త్రవేత్త ఒకావిడ పద్ధతి చెప్పింది. సభ్య దేశాలు బల్ల దగ్గర కూర్చుంటాయి, ఓటు వేస్తాయి. వాటా అంటే డబ్బే కానక్కర్లేదు, విత్తనమూ నేలా మనుషుల పనీ కూడా వాటానే. ఇంకా చేరని దేశాలు వెనక వరసలో కూర్చుని వింటాయి, అంతే.

తర్వాత ఆవిడ నా చెంబులోంచి ఒక గింజ తీసి గోటితో విరిచి, ఎప్పటి పంటని అడిగింది. అత్తగారు చనిపోయిన ఏడాదిది. ఆరేళ్ళయింది. ఆ తర్వాత మా మళ్ళన్నీ సోనా మసూరే. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, దేవుడికి భయపడి మింగేసి ఉన్నదే చెప్పాను.

"పసుపు పూసింది తీసుకోరమ్మా. కడిగినా ఇది మొలవదు," అంది మెల్లగా.

హనుమక్క సొరబుర్రలోంచి వేపాకులు ఏరి, గింజలు అరచేతిలో పోసి చూపింది. ఆమెవి పోయిన కారు పంటవి. ఎక్కడివని అడిగారు.

"ఈ యమ్మ అత్త కూలికింద కొలిచినేవే. తిన్నంత తిని మిగిలింది చల్లుకుంటి. మాకుండేది అరెకరమే, యాటా ఆడనే చల్లుకుంటాండా."

ఆ సంగతి దాచిపెట్టొచ్చు, దాచలేదు. ఆ మంచితనానికి కూడా నాకు అసూయే కలిగింది.

ఆమెకు ఇండియా పలక పక్కన కుర్చీ వేశారు. నేను వెనక వరసకు వెళ్ళాను. నా పక్కన, మండలిలో ఇంకా చేరని ఒక దేశపు అధికారిణి. ఓటుకు చేతులు లేస్తుంటే ఆవిడ కూడా నాలాగే చూస్తోంది. ఆవిడ దేశపు పాత వరి వాళ్ళ దగ్గరే లేకుండా పోయిందనీ, ఈ మండలినే అడిగి తెచ్చుకుని మళ్ళీ పండిస్తున్నారనీ భోజనాల దగ్గర కర్నూలావిడ చెప్పింది. జొన్నరొట్టె సగంలో వదిలేసి లేచాను.

మూడున్నరకు తిరుగు బస్సు. తెక్కలకోట దాటాక అడిగాను.

"హనుమక్కా, దోసెడు విత్తనం ఇస్తావా?"

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "యాడ చల్లుతారమ్మా? మీ మళ్ళంతా సోనానే గదా."

కాలవ చివర చౌడు మూల ఉందన్నాను.

"నాటేకి మళ్ళా నన్నే పిలుస్తారు."

"నేనే దిగుతాను."

"సూస్తాం లే," అని నవ్వి, కొంగుముడి విప్పి, మండలికి ఇవ్వగా మిగిలిన గింజలు నా చేతిలో పోసింది.

ఈ దారిన బళ్ళారి వెళ్ళేవాళ్ళకు చెప్పాల్సిన కష్టమేమీ లేదు. బస్సులు వేళకే ఉన్నాయి, చీకటి పడే వేళకు ఇల్లు చేరొచ్చు. ఆ రాత్రి దీపం ముందు హనుమక్క అరెకరానికి కృతజ్ఞత చెప్పుకున్నాను. దాని వెనకే, ఆ పలక పక్కన నేను కూర్చునుంటే బాగుండేదన్న మాట కూడా వచ్చింది. అదీ దేవుడికే చెప్పాను.